నీ ఉత్తరంలో లేని అంకె

పాఠకురాలి ప్రశ్న: నాకు 27 ఏళ్లు. మాది భీమవరం దగ్గర ఊరు. ఎనిమిదేళ్లప్పుడు చర్చిలో కీబోర్డుతో మొదలుపెట్టాను. తర్వాత చెన్నైలో ఉండి పియానో నేర్చుకుని ట్రినిటీ డిప్లొమా పూర్తి చేశాను. నాలుగేళ్ల క్రితం యూరప్‌లో ఒక సంగీత కళాశాలలో సీటు వచ్చింది. ఆ ఏడాదే నాన్నగారికి రొయ్యల చెరువుల్లో వరసగా రెండు పంటలు పోయాయి. సీటు వదులుకుని ఇంటికి వచ్చేశాను. ఇప్పుడు 22 మంది పిల్లలకు నేర్పుతున్నాను. నెలకు 31 వేలు వస్తాయి, అందులో 14 వేలు ఈఎంఐకే పోతాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న అప్‌రైట్ పియానో ఉంది కానీ రెండేళ్లుగా ట్యూనింగ్ చేయించలేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఫోన్‌లో పన్నెండేళ్ల పిల్లలు నాకన్నా బాగా వాయిస్తుంటే చూసి టెన్షన్ వస్తోంది. మా సార్‌కి చెప్పుకుంటే, "జీనా బఖావర్ అనే గ్రీకు పియానిస్టు గురించి తెలుసుకో" అన్నారు. వెతికితే నాలుగు ముక్కలు తప్ప దొరకలేదు. ఆవిడ జీవితం నాకేం చెబుతుంది? కచేరీ పియానిస్టుని కావడానికి నాకు టైమ్ దాటిపోయిందా?
– పేరు వద్దన్న పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

అమ్మాయ్,

నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. 31 ఏళ్లు స్కూలు పిల్లలకు పియానో చెప్పిన నోరు ఇది, "మీరు" అనడానికి తిరగదు.

మీ సార్ మంచి పేరే చెప్పారు. చెప్పి వదిలెయ్యడమే బాగాలేదు. ఇలాంటి పేరు ఊరికే అందుకుంటే, "చూశావా, ఆవిడా కష్టపడింది, పైకొచ్చింది, నువ్వూ వస్తావు" అనే మూడు ముక్కల ఓదార్పు కిందకి దిగిపోతుంది. జీనా జీవితంలో ఆ ఓదార్పు కన్నా పనికొచ్చే సంగతి ఒకటుంది. దానికోసం కాస్త మొదట్నుంచీ రావాలి.

1913 మే 21న ఏథెన్స్‌లో పుట్టింది. కొన్నిచోట్ల 1910 అని కూడా రాస్తారు. అదే నిజమైతే నేను చెప్పబోయే మాటకి ఇంకో మూడేళ్ల బలం వస్తుంది. తండ్రి వైపు ఆస్ట్రియా మూలం, తల్లి వైపు ఇటలీ. ఇంటిపేరు గ్రీకులా వినపడకపోవడానికి కారణం అదే. పుట్టడం, పెరగడం, చివరికి పోవడం అన్నీ ఏథెన్స్‌లోనే కాబట్టి గ్రీకులు ఆవిడను పూర్తిగా తమ మనిషిగానే చూస్తారు. చదివింది 1871లో పెట్టిన ఏథెన్స్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో. తర్వాతి రోజుల్లో ఒపెరా గాయని మరియా కల్లాస్ పాట నేర్చుకున్నదీ అక్కడే. జీనాకు అక్కడ గురువు వోల్డెమార్ ఫ్రీమన్. ఆయన దగ్గర అయ్యాక పారిస్ వెళ్లి, ఆల్‌ఫ్రెడ్ కోర్తో 1919లో పెట్టిన ఎకోల్ నార్మాల్ అనే సంగీత పాఠశాలలో ఆయన దగ్గరే నేర్చుకుంది. షోపాన్ రచనలు వాయించడంలో కోర్తో మాటకు ఎదురులేని రోజులవి.

ఆ తర్వాతి గురువు పేరు వింటే నీకు అసూయ పుడుతుంది. నాకు ఇప్పటికీ పుడుతుంది. రష్యన్ స్వరకర్త, పియానిస్టు రాక్‌మానినాఫ్. విప్లవం తర్వాత రష్యా వదిలేసిన ఆయన కచేరీల మీదే బతుకుతూ దేశాలు తిరిగేవాడు. మామూలుగా శిష్యుల్ని పెట్టుకునే మనిషి కాదు. 1930ల మొదటి సగంలో ఆయన యూరప్‌లో ఎక్కడికి కచేరీకి వస్తే అక్కడికి వెళ్లి జీనా పాఠం చెప్పించుకునేది. ప్రతి మంగళవారం నాలుగింటికి అన్నట్టు నడిచే క్లాసు కాదది. దొరికినప్పుడు దొరికినంత. ఈలోగా 1933లో వియన్నా అంతర్జాతీయ పోటీలో గౌరవ పతకం వచ్చింది. అప్పటికి ఇరవై ఏళ్లు.

ఇక్కడ ఆపేసి చూస్తే ఇది అచ్చం విజేత కథే. తర్వాత ఏమైందంటే తండ్రి ఆర్థికంగా చితికిపోయాడు. జీనా ఏథెన్స్‌కి తిరిగొచ్చి పాఠాలు చెప్పుకోవాల్సి వచ్చింది. మీ సార్‌కి ఆవిడ గుర్తొచ్చింది ఈ మలుపు వల్లే అయ్యుంటుంది. రొయ్యల చెరువు పోవడానికీ, ఏథెన్స్‌లో వ్యాపారం పోవడానికీ ఇంట్లో ఉన్న ఆడపిల్ల వైపు నుంచి చూస్తే పెద్ద తేడా ఏముంది? అప్పులవాళ్ల భాష ఒకటే మారుతుంది.

1935లో ఏథెన్స్‌లో ఆర్కెస్ట్రాతో మొదటి కచేరీ చేసింది. కండక్టరు దిమిత్రి మిత్రోపులోస్. ఈయన గురించి ఒక్క నిమిషం పక్కదారి పడతాను. ఈయనా పియానిస్టే. 1930లో బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో కచేరీ ఉంటే, రష్యన్ స్వరకర్త ప్రొకోఫీవ్ మూడో కాన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి పియానో వాయించే రచన) వాయించాల్సిన ఎగన్ పెట్రీ రాలేకపోయాడు. మిత్రోపులోస్ తనే పియానో ముందు కూర్చుని, అక్కణ్నుంచే ఆర్కెస్ట్రానూ నడిపించాడు. ఆ రాత్రితో యూరప్‌కి ఆయన పేరు తెలిసింది. ఆ రచన చేతిలో సిద్ధంగా లేకపోతే ఆ రాత్రి ఆయనకేం చేసేది? ఈ ముక్క గుర్తుపెట్టుకో, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత యుద్ధం వచ్చింది. 1941 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం ఏథెన్స్‌లో దిగింది. ఆ చలికాలం ఆ ఊళ్లో జనం ఆకలితో వీధుల్లో పడి చచ్చిపోయారు. జీనా ఆ యుద్ధకాలం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో గడిపింది. అప్పట్లో ఆ సముద్రపు ఊళ్లో గ్రీకులు బోలెడంతమంది. గొప్ప గ్రీకు కవి కవాఫీ పుట్టిందీ పోయిందీ అక్కడే. అయితే కచేరీ పియానిస్టుకి కావలసినవేవీ ఆ రోజుల్లో అందుబాటులో లేవు. పారిస్ జర్మన్ల చేతుల్లో ఉంది. వియన్నా సరేసరి. లండన్ మీద బాంబులు పడుతున్నాయి. వయసు ఇరవై ఎనిమిది, అంటే ఇప్పుడు నీ వయసుకి ఒక ఏడాది ఎక్కువ. పోటీలో పతకం వచ్చి ఎనిమిదేళ్లయింది.

ఆ పరిస్థితిలో జీనా చేసింది ఇది: మధ్యప్రాచ్యంలో ఉన్న మిత్రదేశాల సైనికుల ముందు వాయించడం మొదలుపెట్టింది. యుద్ధం ముగిసేసరికి అలాంటి కచేరీలు 630 అయ్యాయి.

ఆ అంకె దగ్గర కాసేపు కూర్చో. నాలుగేళ్లనుకుంటే వారానికి మూడు. అయిదేళ్లనుకున్నా వారానికి రెండుకి తగ్గదు. విన్నవాళ్లు టికెట్టు కొనుక్కుని, సూటు వేసుకుని వచ్చినవాళ్లు కారు. ఊరికి దూరంగా, రేపేమవుతుందో తెలియకుండా ఉన్న కుర్రాళ్లు. బ్రామ్స్ అనే జర్మన్ స్వరకర్త పేరు ఎప్పుడూ విననివాళ్లు అందులో ఎంతమందో ఊహించుకోవచ్చు. ఆ వేడికీ ఆ దుమ్ముకీ ఏ పియానో శ్రుతి నిలవదని నీకూ నాకూ తెలుసు. అలాంటి చోట ఆరువందల సార్లు లేచి, వంగి నమస్కారం పెట్టి, కూర్చుని, వాయించి, మళ్లీ లేవడమంటే మాటలా? ఏ కన్సర్వేటరీలోనూ ఈ సబ్జెక్టు లేదు. కోర్తో నేర్పలేడు, రాక్‌మానినాఫూ నేర్పలేడు.

నా సంగతి ఒకటి చెబుతాను. నేను చేరిన స్కూల్లో పియానోకి మిడిల్ సి పైనున్న ఎఫ్ షార్ప్ పలికేది కాదు. నొక్కితే మెట్టు కిందకి పోయి అక్కడే ఉండిపోయేది. యాజమాన్యానికి నాలుగేళ్లు ఉత్తరాలు రాశాను. "వచ్చే బడ్జెట్‌లో చూద్దాం" అనేవారు. ఆ నాలుగేళ్లూ రోజూ పొద్దున అసెంబ్లీలో 900 మంది పిల్లల ముందు ఆ మెట్టు తగలకుండా ప్రార్థన గీతాలన్నీ వేరే శ్రుతిలోకి మార్చి వాయించాను. అప్పుడు తిట్టుకున్నాను. తర్వాత ఎక్కడ, ఎలాంటి పియానో ముందు కూర్చున్నా చెయ్యి వణకకపోవడం గమనించాక తిట్టుకోవడం మానేశాను. జీనాతో నన్ను పోల్చుకోవడం లేదు. గరిటెడు నీళ్లు చూపించి సముద్రం సంగతి చెబుతున్నానంతే.

ఇక 1946. జనవరిలో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో న్యూ లండన్ ఆర్కెస్ట్రాతో వాయించింది. కండక్టరు అలెక్ షెర్మన్. లండన్‌కి ఈవిడెవరో తెలియదు. విన్నాక తెలిసింది. అసలు కెరీర్ అని మనం అనుకునేది అక్కణ్నుంచి మొదలైంది. అప్పటికి 32 నిండాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం న్యూయార్క్‌ది. 1950 అక్టోబరు, టౌన్ హాల్. 1500 మంది దాకా పట్టే హాలు. ఆ రోజు వచ్చినవాళ్లు 35 మంది. సున్నా తగ్గించి రాశాననుకోకు, అక్షరాలా ముప్పై అయిదు. అమెరికాలో మొదటి కచేరీ, 37 ఏళ్ల వయసు, ఎదురుగా వరసలకు వరసలు ఖాళీ కుర్చీలు. ఎవరికైనా ఏడుపొస్తుంది. జీనా మాత్రం హాలు నిండి ఉన్నట్టే వాయించింది. ఆ 35 మందిలో పత్రికల విమర్శకులు కూడా ఉన్నారు. మర్నాడు వాళ్లు రాసినవి చదివాక అమెరికా తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత పాతికేళ్లు ఆవిడ ఆ దేశంలో వాయించని పెద్ద ఆర్కెస్ట్రా అంటూ దాదాపు లేదు.

నీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. అందులో చాలా అంకెలున్నాయి. 27 ఏళ్లు, 22 మంది పిల్లలు, 31 వేలు, 14 వేలు, రెండు పంటలు, రెండేళ్లుగా చేయించని ట్యూనింగ్. ఒక్క అంకె లేదు: ఇంటికొచ్చిన ఈ నాలుగేళ్లలో నువ్వు ఎన్నిసార్లు మనుషుల ముందు కూర్చుని మొదట్నుంచి చివరిదాకా ఒక రచన వాయించావు? పిల్లలకి చూపించడానికి ఒక చిన్న ముక్క వాయించడం లెక్కలోకి రాదు. వీడియో తీసి, తప్పొస్తే మళ్లీ తీసి పెట్టినవీ రావు. రాయలేదంటే మర్చిపోయావని కాదు, ఆ అంకె సున్నాకి దగ్గరగా ఉందని నా అనుమానం. తప్పయితే క్షమించు.

టైమ్ దాటిపోయిందా అని అడిగావు. తేలిగ్గా జవాబు చెప్పి పంపడం నాకు చేతకాదు. కాబట్టి జీనాకూ నీకూ ఉన్న తేడాలు ముందు చెప్పనీ. ఇల్లు చితికేటప్పటికే ఆవిడ కోర్తో, రాక్‌మానినాఫ్‌ల దగ్గర పాఠం అయిన మనిషి. అంతర్జాతీయ పతకం మెడలో ఉంది. పునాది పడ్డాక ఇల్లు ఆగింది. నీకు డిప్లొమా ఉంది, మంచిదే, కానీ నువ్వు వదులుకున్న సీటే ఆ పునాదికి పై వరస. పైగా ఈ రోజుల్లో యూరప్‌లో, అమెరికాలో పైకి రావడానికి దారి పోటీలే. చాలావాటికి వయసు హద్దు ముప్పై, ముప్పై రెండు దగ్గర ఆగిపోతుంది. తమాషా ఏమిటంటే అమెరికాలో సాల్ట్ లేక్ సిటీలో జీనా పేరుతోనే పెద్ద అంతర్జాతీయ పియానో పోటీ నడుస్తుంది. టౌన్ హాల్లో వాయించిన 37 ఏళ్ల జీనా వచ్చి అప్లికేషన్ ఇస్తే తీసుకోరు.

అందుకని సూటిగా చెబుతున్నాను. లండన్, న్యూయార్క్ హాళ్లలో పెద్ద ఆర్కెస్ట్రాలతో తిరిగే పియానిస్టువి కావడం చాలా చాలా కష్టం. ఆశ పెట్టను. మనుషుల ముందు నిలబడి నమ్మకంగా ఒకటిన్నర గంట వాయించగల పియానిస్టువి కావడానికి, గాయకులకూ వయొలిన్ వాళ్లకూ పక్కన వాయించి డబ్బులు సంపాదించడానికి, హైదరాబాద్, చెన్నై, బెంగళూరుల్లో ఏడాదికి నాలుగైదు కచేరీలు చేసే మనిషివి కావడానికి 27 అసలు వయసే కాదు. మొదటిది కాకపోతే రెండోది అక్కర్లేదనిపిస్తే, అది పియానో మీద ఇష్టమా లేక పోస్టరు మీద పేరు చూసుకోవాలన్న ఇష్టమా అని నిన్ను నువ్వే అడుగు. రెండూ ఉండొచ్చు, తప్పు లేదు. జీనాకి కూడా పేరు చేదు కాదు.

ఫోన్‌లో కనిపించే పన్నెండేళ్ల పిల్లల గురించి. గ్రీసులో ఆ ఉదాహరణ కూడా ఉంది. దిమిత్రిస్ స్గూరోస్ 1969లో ఏథెన్స్‌లో పుట్టాడు, జీనా చదివిన కన్సర్వేటరీలోనే నేర్చుకున్నాడు. 1982లో, పన్నెండేళ్లప్పుడు, న్యూయార్క్ కార్నెగీ హాల్లో రోస్ట్రొపోవిచ్ ఆర్కెస్ట్రాను నడిపిస్తుంటే రాక్‌మానినాఫ్ మూడో కాన్సర్టో వాయించాడు. పెద్ద పెద్దవాళ్లు భయపడే రచన అది, చేతినిండా స్వరాలు. అలాంటి పిల్లలు ఎప్పుడూ పుడుతూనే ఉంటారు. ఇంతకుముందు ఊరికొకరు పుట్టినా తెలిసేది కాదు, ఇప్పుడు అందరూ ఒక్క తెర మీద కనిపిస్తున్నారు. ఒకే ఊరి నుంచి, ఒకే కన్సర్వేటరీ నుంచి, ఒకరు పన్నెండేళ్లకి న్యూయార్క్ చేరితే ఇంకొకరు ముప్పై ఏడేళ్లకి చేరారు. ఆ పిల్లాడి కచేరీ జీనాకు వచ్చిన ఆ 35 మందిని తగ్గించిందా? రాత్రి పడుకునే ముందు ఆ వీడియోలు చూడ్డం మాత్రం మానెయ్. నిద్రపట్టకపోతే ఏదన్నా వంటల వీడియో చూడు.

ఇంకో గ్రీకు ఆవిడ కూడా ఉంది, రేనా కిరియాకూ. క్రీట్ దీవిలోని ఇరాక్లియోలో 1917లో పుట్టింది. చిన్నప్పుడే సొంతంగా స్వరరచన చేసేది. ఇవాళ ఆవిణ్ని తలుచుకునేవాళ్లు ఎక్కువగా వాక్స్ అనే రికార్డుల కంపెనీకి చేసిన, స్వరకర్త మెండెల్‌సొన్ పియానో రచనల కోసం తలుచుకుంటారు. మధ్యతరగతి ఇళ్లకు చేరిన చవక రికార్డులు అవి. పియానోతో బతకడానికి ఎన్ని దారులున్నాయో చూడమని చెప్పానంతే.

పాఠాలు చెప్పుకుని బతకడాన్ని నువ్వు ఓటమిలా రాశావు. అది నాకు కోపం తెప్పించింది, నేను చేసిందీ అదే కాబట్టి. జీనా పేరొచ్చాక కూడా నేర్పింది. ఆవిడ శిష్యుల్లో ఒకరు గ్రీసు రాజకుమారి ఐరీన్. రాజకుమారి కాబట్టి సరదాకి నేర్చుకుందనుకోకు, కచేరీలిచ్చేంతగా నేర్చుకుంది. రాజకుటుంబం గ్రీసు వదిలి వెళ్లాక ఆ ఐరీన్ తల్లి ఫ్రెడెరికా రాణితో కలిసి మన మద్రాసు వచ్చి కొన్నేళ్లు ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర ఆచార్యుడు టి.ఎం.పి. మహదేవన్ దగ్గర అద్వైతం చదువుకుంది. నువ్వు పియానో నేర్చుకున్న ఊళ్లో, నీకన్నా ఎన్నో ఏళ్ల ముందు, జీనా బఖావర్ శిష్యురాలు శంకరాచార్యుణ్ని చదువుతూ తిరిగిందన్నమాట. నీ 22 మందిలో ఎవరు ఏ ఊరు వెళ్లి ఏమవుతారో నీకేం తెలుసు?

పెళ్లి సంగతి. జీనా మొదటి భర్త 1950లో, ఆ టౌన్ హాల్ కచేరీ జరిగిన ఏడాదే పోయాడు. మరుసటి ఏడాది అలెక్ షెర్మన్‌ని పెళ్లి చేసుకుంది. లండన్‌లో మొదటిసారి ఆర్కెస్ట్రా నడిపించిన ఆ షెర్మనే. ఆయన పోనుపోను తన కండక్టింగ్ పక్కనపెట్టి భార్య కచేరీల వ్యవహారం చూసుకున్నాడు. నీకు షెర్మన్ దొరుకుతాడని నేను హామీ ఇవ్వలేను. పెళ్లిచూపుల్లో ఒక్క ప్రశ్న మాత్రం అడుగు: "పియానో ఏ గదిలో పెడదాం?" ఆ గది ఇదీ అని ఆలోచించేవాళ్లతో మాట్లాడొచ్చు. "అమ్మేసి చిన్న కీబోర్డు కొనుక్కుంటే పోలా" అన్నవాళ్లకి కాఫీ ఇచ్చి పంపించెయ్.

ఇప్పుడు పని. మొదటిది ట్యూనింగ్. భీమవరం చుట్టూ నీళ్లే. ఆ తేమకి సౌండ్‌బోర్డు (పియానో లోపల నాదాన్ని పెంచే చెక్క పలక) ఉబ్బి వానాకాలంలో శ్రుతి పైకి పోతుంది, ఎండాకాలం కిందకి దిగుతుంది. ఏడాదికి రెండుసార్లు చేయించాలి. రెండేళ్లు వదిలేశావు కాబట్టి ఒక్కసారికే నిలబడదు, నెలా రెండు నెలల్లో మళ్లీ రావాలని ట్యూనర్‌తో ముందే మాట్లాడుకో. డబ్బుల్లేవంటావు. ఈఎంఐ కట్టినట్టే దీనికీ నెలకు కొంత తీసిపెట్టు. నీ బతుకుతెరువు ఆ పెట్టెలోనే ఉంది కదా. నాన్నగారు చెరువులో ఏరేటర్ తిరక్కపోతే ఊరుకునేవారా?

రెండోది, పొద్దున రెండు గంటలు. పిల్లలు వచ్చేది సాయంత్రం కాబట్టి అది వీలవుతుంది. ఆ రెండు గంటల్లో ఒక గంట కొత్త రచనకి, ఒక గంట పాతవాటికి. 40 నిమిషాల కచేరీ ఒకటి ఎప్పుడు పిలిచినా వాయించేలా చేతుల్లో ఉండాలి. మిత్రోపులోస్ సంగతి మళ్లీ దీని దగ్గరికే వస్తానన్నానుగా. పెట్రీ రాని రోజు ఎవరికి ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

మూడోది అసలైంది. నెలకో ఆదివారం మీ ఇంటి హాల్లోనే కచేరీ పెట్టు. నీకు 22 మంది పిల్లలున్నారు. ఒక్కొక్కరితో అమ్మో నాన్నో, కనీసం తీసుకొచ్చే తాతగారో ఒకరొస్తారు. 44 మంది. న్యూయార్క్‌లో జీనాకు వచ్చినదానికన్నా తొమ్మిది మంది ఎక్కువ. కుర్చీలు చాలకపోతే చాపలు వెయ్యి. పిల్లల చేత వాయించే కార్యక్రమం చెయ్యకు, అది వేరే రోజు పెట్టుకో. ఈ రోజు టీచరు వాయిస్తుంది, పిల్లలు వింటారు. ప్రతి రచనకీ ముందు తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడు: ఎవరు రాశారు, ఏ వయసులో రాశారు, ఎక్కడ చెవి పెట్టి వినాలి. మధ్యలో ఎవరి ఫోనో మోగుతుంది. పసిపిల్ల ఏడుస్తుంది. కరెంటు పోతుంది. ఆపకు. తప్పొస్తే మొహంలో చూపించకు, ముందుకి పో. అలెగ్జాండ్రియాలో సైనికులు నీ హాల్లో తాతయ్యల కన్నా నిశ్శబ్దంగా కూర్చుని ఉంటారని నేననుకోను.

మూడు నెలలయ్యాక హాలు దాటు. నువ్వు మొదట కీబోర్డు నేర్చుకున్న చర్చి ఉండనే ఉంది. కాలేజీలున్నాయి. తర్వాత విజయవాడ, విశాఖ. డబ్బులిస్తే తీసుకో. ఇవ్వకపోయినా మొదటి పాతిక కచేరీలకు వెళ్లు. ఆ తర్వాత ఉచితంగా వాయించకు, ఇదీ గట్టిగానే చెబుతున్నాను. మనవాళ్లు "ఎక్స్‌పోజర్ వస్తుంది కదమ్మా" అంటూ జీవితాంతం లాక్కొస్తారు. రోజూ రాసే లెక్కల పుస్తకంలో చివరి పేజీలో ఎన్నో కచేరీ, ఏ ఊరు, ఎంతమంది అని రాసుకుంటూ పో.

వినడానికి కూడా చెబుతాను. జీనా మెర్క్యురీ కంపెనీకి చేసిన రికార్డులు ఇప్పుడు నెట్లో దొరుకుతున్నాయి. నాకు మొదటిది 1980ల్లో ఒక స్నేహితురాలు ఎల్పీగా ఇచ్చింది, అట్ట చిరిగిపోయింది కానీ పారేయలేదు. బ్రామ్స్ రెండో కాన్సర్టోతో మొదలుపెట్టు. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా, కండక్టరు స్క్రొవచెవ్‌స్కీ. నాలుగు భాగాలు, ముప్పావు గంట దాటే రచన, చాలామందికి రెండో భాగానికే భుజాలు పడిపోతాయి. ఆవిడ నాదం ఎంత పెద్దదో, ఎంత పెద్దగా వాయించినా ఎక్కడా గరుకుతనం ఎలా రాలేదో విను. చెయ్యి మెట్ల మీద పడుతున్నట్టుండదు, లోపలికి దిగుతున్నట్టుంటుంది.

తర్వాత ఫ్రెంచి స్వరకర్త రవెల్ "గస్పార్ ద లా నుయ్". మూడు భాగాలు, మూడు కవితల ఆధారంగా 1908లో రాశాడు. జీనా రికార్డులో ఒక్కో భాగానికి ముందు ఆ కవితను ఇంగ్లీషు నటుడు జాన్ గీల్‌గుడ్ చదువుతాడు. రెండో భాగం "లె జిబె"లో ఉరికొయ్య, దూరంగా గంట. బి ఫ్లాట్ ఒక్కటే గంటలా మొదట్నుంచి చివరిదాకా మోగుతూనే ఉంటుంది, చుట్టూ మిగతావన్నీ మారిపోతూ ఉంటాయి. వాయించేవాళ్లు ఆ గంటని తొందరపెట్టకూడదు, నెమ్మది చెయ్యకూడదు. నీ టెన్షన్‌కి డాక్టరు రాసే మందు కన్నా ఇది మంచిదని నా సొంత అభిప్రాయం, శాస్త్రం కాదు. షోపాన్ కాన్సర్టో కావాలంటే అంతాల్ దొరాతి నడిపించినది విను.

దొరాతి పేరు ఊరికే ఎత్తలేదు. 1976 ఆగస్టు 22న ఏథెన్స్ ఉత్సవంలో వాషింగ్టన్ నుంచి వచ్చిన నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రాతో జీనా వాయించాలి. కండక్టరు ఆ దొరాతే. ఆ రోజే ఏథెన్స్‌లో గుండెపోటుతో పోయింది. 63 ఏళ్లు. సొంత ఊళ్లో, కచేరీ ఉన్న రోజున. సాల్ట్ లేక్ సిటీలో పోటీకి ఆవిడ పేరు పెట్టింది ఆ తర్వాతే. అంత దూరంలో ఆవిడ పేరు ఎందుకంటే, అక్కడి యూటా సింఫనీతో ఆవిడ చాలాసార్లు వాయించింది. 1947 నుంచి దాన్ని మూడు దశాబ్దాలు నడిపిన మారిస్ అబ్రవనెల్ కూడా ఇప్పటి గ్రీసులో ఉన్న థెస్సలోనికిలో పుట్టినవాడే.

సరే, నీ పని నువ్వు చూసుకో. ట్యూనర్‌కి ఇవాళే ఫోన్ చెయ్. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం ఆరింటికని పిల్లల డైరీల్లో రాసి పంపించు. రాశాక ఇక వెనక్కి తగ్గడానికి సిగ్గేస్తుంది, అందుకే ముందు అది రాయి. అయ్యాక నాకు ఉత్తరం రాయి. ఏం వాయించావు, ఎక్కడ తప్పొచ్చింది, ఎంతమంది వచ్చారు. నలుగురే వస్తే నలుగురనే రాయి.